నీసు పడని కోడలు

వాకిట్లో ఆటో ఆగిన చప్పుడుకి పెరట్లో చీర ఉతుక్కుంటున్న వీరలక్ష్మి ఉలిక్కిపడి లేచింది. చీర మీది మరక ఇంకా పూర్తిగా వదల్లేదు. దాన్ని అలాగే బకెట్లో కుక్కి, పైన పాత దుప్పటి కప్పి, చేతులు కడుక్కుంది. ఇంట్లోకి అడుగుపెట్టేసరికి వాకిట్లో తల్లి అచ్చమ్మ గొంతూ, అత్త సత్తెమ్మ గొంతూ కలగాపులగంగా వినిపించాయి.

"మెల్లిగా దించు బాబూ, బిందె ఒరిగిందంటే చలివిడంతా నేలపాలవుద్ది" అంటోంది అచ్చమ్మ ఆటో అబ్బాయితో.

వీరలక్ష్మి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. చలివిడి! కడుపుతో ఉన్న కూతురికి కడుపు చలవ అని పుట్టింటివాళ్లు తెచ్చే చలివిడి. దెందులూరు నుంచి ఏలూరు దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఈ కొంగలంక దాకా ఆటోలో, ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చింది. తెస్తే తెచ్చింది, సరిగ్గా ఇవాళే తేవాలా? రెండు నెలలుగా రానిది ఇవాళ తెల్లారి లేచేసరికి వచ్చేసింది. ఆ సంగతి వీరలక్ష్మికి తప్ప ఇంకో మనిషికి తెలియదు.

"అదిగోనండి వదినగారూ, మీ అమ్మాయి. ఎండలో నిలబడద్దంటే వినదు" అంది సత్తెమ్మ.

ఆ గొంతులో ఎంత మెత్తదనం! పెళ్లయిన ఆరేళ్లలో ఆ మెత్తదనం వీరలక్ష్మి ఎరగదు. గిన్నె జారితే దాని పేరు పెట్టి, కోడి గుడ్డు పెట్టకపోతే దాని పేరు పెట్టి, పక్కింటి పిల్ల పురిటికొస్తే మరీ పేరు పెట్టి, పిల్లల్లేరని ఎత్తిపొడిచిన నోరు అది. ఈ రెండు నెలల నుంచీ "అమ్మా లక్ష్మీ" అంటోంది. నీళ్లబిందె తనే మోస్తోంది. ఇదంతా దేనివల్ల వచ్చిందంటారా? ఒకే ఒక్క మాట వల్ల.

ఆ రోజు సత్తెమ్మ కొర్రమేను పులుసు కలిపి పెడితే వీరలక్ష్మి ముద్ద నోటిదాకా తెచ్చి కంచంలోనే వదిలేసింది. ఏమిటే అంటే, ఏం చెప్పాలో తెలియక "నీసు పడట్లేదండి అత్తయ్యగారూ" అంది. అంతే. కాపురం చేసుకునే ఆడది నీసు పడట్లేదంటే కొల్లేటి లంకల్లో దానికి ఒక్కటే అర్థం. అది వేవిళ్ల మాట. సత్తెమ్మ ఎంగిలిచేత్తోనే లేచి దేవుడి పటం ముందు దీపం పెట్టింది.

తను చెప్పింది అది కాదని వీరలక్ష్మి ఆ పూటే చెప్పాల్సింది. చెప్పబోయేలోగా నెల తప్పింది. ఆమెకి ఎప్పుడూ వేళకి రాదు, ఇంతకుముందూ రెండుసార్లు ఇలాగే ఆలస్యమై ఏడిపించింది. కానీ ఏమో, ఈసారి నిజమేనేమో! అత్త అంత గట్టిగా నమ్ముతుంటే తనూ నమ్మింది. నీసు మానేసింది చేప మీద జాలితోనో, కడుపులో బిడ్డ వద్దన్నందుకో తనకే తెలియని అయోమయంలో రెండు నెలలు గడిచిపోయాయి. ఇవాళ ఒక సంగతి తేలిపోయింది. ముద్ద ఎందుకు దిగలేదన్న రెండోది మాత్రం ఇంకా తేలలేదు.

లోపలి గదిలోకి వెళ్లగానే అచ్చమ్మ కూతురి గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్లకింద నలుపు చూసి మగపిల్లాడేనని తేల్చేసింది. రాజేష్ ఎప్పుడొస్తాడని అడిగింది. అల్లుడు కలిదిండిలో చేపల చెరువుల మీద పనికెళ్లాడనీ, సాయంత్రానికి వస్తాడనీ వీరలక్ష్మి చెప్పింది. కొల్లేరు కాపాడాలని సర్కారువాళ్లు లంకలో చేపల చెరువుల గట్లు కొట్టేసిన దగ్గర్నుంచీ ఊళ్లో సగంమంది మగాళ్ల బతుకు అంతే, వారమంతా కలిదిండి, ఆదివారం ఇల్లు.

"అమ్మా, నీకో మాట చెప్పాలే" అంది వీరలక్ష్మి.

"చెబుదువుగాని ఉండు. ముందు నన్ను చెప్పనీ. ఆరేళ్ల నించీ ఏ పేరంటానికీ వెళ్లట్లేదే నేను. మీ అమ్మాయికేంటి అంటారని. నిన్న మన వీధిలో అందరినీ పిలిచి పిండి కొట్టించాను. ఒక్కొక్కత్తీ వచ్చి రోకలి పట్టుకుంటుంటే నాకు ఏడుపాగలేదనుకో" అంటూనే అచ్చమ్మ మళ్లీ ఏడ్చింది.

వీరలక్ష్మి చెంగుతో తల్లి కళ్లు తుడిచింది. ఎలా చెబుతుంది చెప్పండి? రోకలి పట్టినవాళ్లందరి దగ్గరికీ తల్లి మళ్లీ ఈ ముఖం పెట్టుకునే వెళ్లాలి కదా.

ఇంతలో సత్తెమ్మ లోపలికొచ్చి తన ఏర్పాటు చెప్పింది. చలివిడి ఇంటింటికీ తిరిగి పంచడం ఎందుకు? మధ్యాహ్నం బళ్లో తల్లుల మీటింగు ఉండనే ఉంది. ఊరి ఆడవాళ్లంతా అక్కడికే వస్తారు. బిందె అక్కడికే పట్టుకుపోయి అందరికీ ఒక్కచోటే పెట్టేస్తే సరి. అచ్చమ్మకి ఆ ఆలోచన తెగ నచ్చింది.

వీరలక్ష్మి బిందె వైపు చూసింది. ఇంటింటికీ పంచేదైతే మొదటి ఇంటికి వెళ్లేలోపు అత్తని పక్కకి పిలిచి చెప్పొచ్చనుకుంది. ఇప్పుడు ఊరంతటి ముందూ అంటున్నారు. పైగా ఆ మీటింగులో ఆమెకి ఇంకో గండం కాచుక్కూచుని ఉంది, దాని పేరు ఆనంద్ పాల్.

వీరలక్ష్మి ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. వారానికి రెండుసార్లు పిల్లలకి గుడ్డు ఉడకబెట్టి పెట్టాలి. తాడేపల్లిగూడెం నుంచి స్కూటరేసుకుని వచ్చే ఆనంద్ పాల్ ఆ గుడ్డు వద్దంటాడు. జీవకారుణ్య సంఘం అని నలుగురైదుగురు కలిసి పెట్టుకున్నారు. గుడ్డు బదులు నువ్వులుండ, సోయా కూర, ఉలవచారు పెడదామనీ, సరుకు తామే ఇస్తామనీ, ఇక్కడ కుదిరితే మిగతా బళ్లకీ అడుగుతామనీ అతని మాట. తల్లులు చేతులెత్తి ఒప్పుకుంటే ప్రయత్నం చేయొచ్చని హెడ్మాస్టారు అన్నారు. అందుకే ఇవాళ మీటింగు.

మనిషి చెడ్డవాడేం కాదు. పదేళ్లు కోళ్ల ఫారంలో సూపర్వైజర్‌గా చేశాడు. గుడ్లు పెట్టవని పుంజు పిల్లల్ని పుట్టిన రోజే గోతాల్లో మూటగట్టి పారేయించేవాడట. ఒకరోజు మూట మూతి కట్టాక లోపల్నించి కిచకిచ ఆగలేదట. అప్పట్నించి కోడీ లేదు, గుడ్డూ లేదు, చివరికి పాలూ లేవు. వాళ్ల చర్చిలోవాళ్లే ఆయన్ని చూసి నవ్వుతారు. పండగ భోజనాలకి పిలిస్తే ఆయన కోసం విడిగా పప్పు వండలేక చస్తున్నామంటారు.

పోయిన వారం ఆయన వంటపాకలోకి వచ్చి, గుడ్లు ఉడకబెడుతున్నావు, నువ్వూ తింటావామ్మా అని అడిగాడు. తను నీసు మానేసి రెండు నెలలైందని వీరలక్ష్మి నోరు జారింది. ఎందుకు మానేశావు అన్నాడు. చేపని చంపుతుంటే చూడలేకపోయానంది. అది సగం నిజం. ఆ సగం బయటి మనిషికి చెప్పడం తేలికైంది, ఇంట్లోవాళ్లకి చెప్పడమే చేతకాలేదు. ఆనంద్ పాల్ ముఖం వెలిగిపోయింది. మీటింగులో నాలుగు ముక్కలు చెప్పు చెల్లెమ్మా, చేపల ఊళ్లో కాపురముంటున్న నువ్వు చెబితే ఆ లెక్కే వేరు అన్నాడు. అవునో కాదో అనకుండా ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకి బాగా అలవాటు.

*

బడి వరండాలో తల్లులంతా చాపల మీద సర్దుకున్నారు. నిస్సీ టీచరు బెంచీ పక్కన నిలబడి ఉంది. ఏలూరు నుంచి రోజూ వచ్చి పాఠం చెప్పే మనిషి, ఊళ్లో ప్రతి పిల్ల పేరూ తెలుసు. వీరలక్ష్మి వంటపాక గుమ్మంలోనే నిలబడిపోయింది. చలివిడి బిందె పట్టుకోమని అత్త పిలిచినా ముట్టుకోలేదు. ఆ స్థితిలో ఎలా ముట్టుకుంటుంది? కోడలు సిగ్గుపడుతోందని సత్తెమ్మ అందరితో చెప్పి మురిసిపోయింది.

ముందు ఆనంద్ పాల్ మాట్లాడాడు. ఫారం సంగతి చెప్పాడు, గోతాల సంగతి చెప్పాడు. ఆడవాళ్లు చెంగులు నోటికడ్డం పెట్టుకుని విన్నారు. ఒకరిద్దరు అయ్యో పాపం అన్నారు కూడా. కోడిపిల్లల మీద జాలి ఆ ఊళ్లో ఎవరికి లేదు కనక! ఇంట్లో పెంచిన కోడిని కోసే రోజున సత్తెమ్మ ఇప్పటికీ పక్కింటికి పోయి కూర్చుంటుంది. కూర ఉడికాక వచ్చి, ముక్క మెత్తగా ఉందా లేదా చూసేదీ ఆమే.

తర్వాత నిస్సీ టీచరు లేచింది. జీవాల మీద జాలి మంచిదేనంది. కానీ గుడ్డు పెట్టే రోజున బడికి రానివాళ్లు ఉండరనీ, గట్లు కొట్టేశాక ఊళ్లోకి వచ్చే చేపలో మంచిదంతా ఏలూరు బజారుకే పోతోందనీ, ఇళ్లల్లో పిల్లలకి మిగిలేది తలకాయల పులుసేననీ చెప్పింది. నువ్వులుండ పెట్టండి, వద్దన్నదెవరు, గుడ్డుతో పాటు పెట్టండి అంది. అదీ నిజమేనని అందరూ తలలూపారు. మొదట తలలూపింది కోడిపిల్లల కోసం అయ్యో అన్నవాళ్లే.

ఎటు చేతులెత్తాలో ఎవరికీ పాలుపోలేదు. ఆనంద్ పాల్ వీరలక్ష్మి వైపు చూసి, ముందుకు రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. ఇదే ఊళ్లో ఒక చెల్లెలు ఎవరూ చెప్పకుండానే, చేప ప్రాణం కూడా ప్రాణమేనని తెలుసుకుని రెండు నెలలుగా నీసు ముట్టడం లేదని చెప్పాడు.

అందరూ వెనక్కి తిరిగి వీరలక్ష్మిని చూశారు.

సరిగ్గా అప్పుడే సత్తెమ్మ బిందె ఎత్తుకుని లేచింది. పెద్ద ముద్ద తీసి బాదం ఆకులో పెట్టి ముందుగా ఆనంద్ పాల్ చేతికే ఇచ్చింది. ఆయన ముద్దని చూసి, కొంచెం మొహమాటపడుతూ, ఇందులో నెయ్యి ఉందామ్మా అని అడిగాడు. నెయ్యి లేని చలివిడి ఉంటుందా అని అచ్చమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆయన ఆకుని అటూ ఇటూ తిప్పాడు. చలివిడి వద్దనకూడదండి, కడుపులో బిడ్డకి మంచిది కాదండి అని ఆడవాళ్లంతా ఒక్కసారే అన్నారు. పాపం, ఆయన కళ్లు మూసుకుని మింగేశాడు.

"ఎవరికమ్మా బిడ్డ?" అన్నాడు మింగాక.

"ఇందాక మీరు చెప్పారే, మా కోడలికేనండి" అంది సత్తెమ్మ నవ్వుతూ. "అది వట్టిమనిషి కాదండి. నీసు పడట్లేదు, అంతే. చేపల మీద జాలీ లేదు, గీలీ లేదు. బిడ్డ కడుపులో పడితే ఎవరికైనా అంతేనండి బాబూ."

వరండా అంతా గొల్లున నవ్వింది. ఆనంద్ పాల్ ముఖం చిన్నబోయింది. తనని నవ్వులపాలు చేయడానికే ఈ పిల్ల అబద్ధం చెప్పిందా అన్నట్టు వీరలక్ష్మిని చూశాడు. ఆకుల్లో చలివిడి పెట్టుకుంటూ సత్తెమ్మ మొదటి వరసలోకి వచ్చింది. ఒకావిడ నోట్లో పెట్టుకుని, కొబ్బరి బాగా పడింది వదినా అంది. ఇంకొకావిడ వీరలక్ష్మిని దీవించడానికి లేచి వస్తోంది, ఆరేళ్లుగా నోములకి పిలవని మనిషే.

వీరలక్ష్మి ఊరుకుంటే ఈ పూట గడిచిపోతుంది. నాలుగు రోజులాగి పోయిందని చెబితే అందరూ జాలిపడతారు, అత్త కూడా జాలిపడుతుంది. పోయిన బిడ్డ కోసం తల్లీ అత్తా కలిసి ఏడుస్తారు. ఎంత తేలిక! కానీ లేని బిడ్డని తనే చంపినట్టవుతుంది. ఆ మాట తట్టగానే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆగండి అత్తయ్యగారూ" అంది.

గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. సత్తెమ్మ చెయ్యి బిందెలో ఉండగానే ఆగిపోయింది.

"నేను వట్టిమనిషినేనండి."

చలివిడి నోట్లో పెట్టుకున్నావిడ నమలడం మానేసింది.

"పొద్దున్నే తెలిసింది. చెబుదామనే అనుకున్నాను, నోరు రాలేదు. ఆయన చెప్పింది అబద్ధం కాదండి. నీసు నేనే మానేశాను. బిడ్డ వల్ల కాదు" అని, ఊపిరి తీసుకుని, ఆనంద్ పాల్ వైపు తిరిగింది. "కానీ పిల్లల గుడ్డు ఆపొద్దండి. నేను తినను. వాళ్లకి మాత్రం ఉడకబెట్టి పెడతాను."

ఆనంద్ పాల్ తెల్లబోయాడు. మరి జాలి ఉందంటావు కదమ్మా అన్నాడు. ఉందంది. ఉంటే మరి ఆపమనాలి కదా అన్నాడు. ఏమోనండి, నాకు తెలియదండి అంది. తప్పించుకోవడానికి అన్న మాట కాదది. నిజంగానే ఆమెకి తెలియదు. గుడ్డు పొట్టు ఒలిచి పెడితే రెండు చేతులా పట్టుకుని, ముందు తెల్లదంతా తిని, పచ్చసొన చివరికి దాచుకునే పిల్లల ముఖాలు ఆమెకి తెలుసు. మూట కట్టిన కోడిపిల్లల కిచకిచ కూడా ఇప్పుడు చెవిలో పడింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏది బరువో చెప్పమంటే ఆమె ఎక్కడ చెబుతుంది?

చేతులెత్తడం జరగనే లేదు. మీటింగు ఇంకోసారి పెట్టుకుందామని హెడ్మాస్టారు లేచిపోయారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే, చేతిలో ఆకు ఏం చేసుకోవాలో తెలియక, ఎవరికీ కనపడకుండా చెంగు కింద పెట్టుకుని జారుకున్నారు. అచ్చమ్మ చాప మీదే కూలబడి ఏడుస్తోంది. నిస్సీ టీచరు వచ్చి వీరలక్ష్మి భుజం మీద చెయ్యేసింది.

సత్తెమ్మ మాత్రం కదల్లేదు. బిందె పక్కన నిలబడి, చేతికంటుకున్న చలివిడిని వేళ్లతో తీస్తూ కోడలి వైపు చూసింది.

"బిడ్డ లేదు. సరే. భగవంతుడివ్వలేదు, నీ తప్పు కాదు" అంది. గొంతులో కోపం లేదు. అదే వీరలక్ష్మిని ఎక్కువ భయపెట్టింది. "మరి నా చేతి కూర ఎందుకు తోసేశావు?"

జవాబు వీరలక్ష్మి నోటి చివరే ఉంది. కానీ ఎలా చెప్పను?

రెండు నెలల కిందట ఒక ఆదివారం రాజేష్ ఆమెని కొల్లేట్లోకి పడవ మీద తీసుకెళ్లాడు. గుర్రపుడెక్క పక్కన నీళ్ల మీద ఎర్రగా సన్నటి చేపపిల్లల గుంపు కనిపించింది. కొర్రమేను తన పిల్లల్ని విడిచి పోదనీ, ఆ గుంపు కిందే కాపలా కాస్తుందనీ, అందుకే దాన్ని పట్టడం చిటికెలో పననీ అతను సంబరంగా చెప్పాడు. చెబుతూనే వల విసిరాడు. ఇంటికి తెచ్చాక బూడిద పూసి రాయి మీద రుద్దింది వీరలక్ష్మే. అది ఎంతసేపటికీ ప్రాణం విడవలేదు. మర్నాడు గడ్డికని అదే దారిన వెళితే, పిల్లల గుంపు అక్కడక్కడే సుళ్లు తిరుగుతోంది. కొంగలు సగం తినేశాయి. మిగతా సగం ఎక్కడికీ పోలేదు.

ఆ పూటే అత్త ఆ కొర్రమేను పులుసు కలిపి పెట్టింది, ముద్ద దిగలేదు. అది జాలే అనుకుంది. ఇప్పుడు అత్త ముఖంలోకి చూస్తుంటే ఇంకో అనుమానం లేచింది. ఆ చేపకి అన్ని పిల్లలు ఉన్నందుకు, తనకి ఒక్కటీ లేనందుకు కాదు కదా? అది జాలో, కుళ్లో! ఇంత మందిలో, అందులోనూ అత్తతో, మీ అబ్బాయి పిల్లలతల్లిని పట్టి తెచ్చాడండి అని ఎలా అనగలదు? ఆ ఇంటి పొయ్యి మూడు తరాలుగా వెలుగుతున్నదే ఆ వల మీద.

"తెలియదండి అత్తయ్యగారూ" అంది.

"తెలీదా" అంది సత్తెమ్మ. బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

*

సాయంత్రం అచ్చమ్మని ఆటో ఎక్కించి వీరలక్ష్మి ఇంటికి వచ్చేసరికి, వాకిట్లో ముగ్గురు నలుగురు ఆడవాళ్లు దూరంగా నిలబడి చూస్తున్నారు. సత్తెమ్మ చీర మోకాళ్ల పైకి దోపుకుని, వరండాకి ఇవతలి చివర చతికిలబడి ఉంది. పక్కన తట్టనిండా కొల్లేటి బంకమట్టి. ఊక కలిపి పిసికి, గుండ్రంగా గోడ కడుతోంది. చూస్తుండగానే మట్టికి మూడు గుబ్బలు లేచాయి.

పొయ్యి!

ఇంట్లో వంటగది ఉంది, అందులో పొయ్యి ఉంది. ఒకే కప్పు కింద రెండో పొయ్యి వేశారంటే ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అన్నదమ్ములు విడిపోయినా, అత్తాకోడళ్లు తెగతెంపులు చేసుకున్నా, మొదట లేచేది రెండో పొయ్యే. ఇంటి ముందు నిలబడ్డవాళ్లు బుగ్గన చెయ్యి పెట్టుకున్నారంటే పెట్టుకోరూ?

"ఎవరికండీ అది?" అంది వీరలక్ష్మి.

"నీకే. నీసు తగలని పొయ్యి" అంది సత్తెమ్మ తలెత్తకుండా. "నీకు పడనిదాని పక్కన నువ్వు వండుకోలేవు. గిన్నెలు కూడా వేరే తీసి పెట్టాను."

గది గుమ్మం దగ్గర నిజంగానే గిన్నెలున్నాయి. ఇంట్లో ఉన్నవాటిలో మంచివి. చింతపండుతో తోమి, తళతళలాడేలా బోర్లించి ఉన్నాయి. వీరలక్ష్మి వాటిని చూసింది, పొయ్యిని చూసింది. వేరు పొమ్మంటోందా? నీ పట్టుదల నేను కాదనను, నీ తిండి నువ్వు తిను అంటోందా? గెంటేసేదైతే మంచి గిన్నెలెందుకిస్తుంది? మన్నించేదైతే ఊరందరూ చూస్తుండగా ఈ మట్టి పనెందుకు? అత్త వీపు చూసి ఎంతకీ పోల్చుకోలేకపోయింది.

రాజేష్ కలిదిండి నుంచి వచ్చాడు. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు, ముఖం పాలిపోయి ఉంది. ఎప్పట్లాగే సైకిల్ హ్యాండిల్‌కి చేపల సంచీ వేలాడుతోంది. వాకిట్లో ఆగి మట్టి చూశాడు. తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. బిడ్డ సంగతి నిజమేనా అని కళ్లతోనే అడిగాడు. వీరలక్ష్మి తల దించుకుంది. అతను సైకిల్ స్టాండు వేయడం మరిచి హ్యాండిల్ పట్టుకునే నిలబడ్డాడు. ఆ రెండు నెలలూ అతనూ పేర్లు అనుకుంటూనే ఉన్నాడు మరి.

"ఏంటమ్మా ఇది? ఎవరు వేరు పడతన్నారు?" అన్నాడు చివరికి.

సత్తెమ్మ మట్టి చేతులతో లేచి నిలబడింది. ఇంత సేపటికి మొదటిసారి కోడలి కళ్లలోకి చూసింది. ఆ కళ్లు ఎర్రగా ఉన్నాయి. మట్టి పిసుకుతూ ఆవిడ ఎంతసేపు ఏడ్చిందో ఎవరూ చూడలేదు.

"నీ పెళ్లాన్నడుగు. రెండు నెలలు దాని కడుపులో నా మనవడున్నాడనుకుని నా చేత్తో వండి పెట్టాను. అది నా కూర ఎందుకు తోసేసిందో ఇప్పటికీ చెప్పట్లేదు. అదేదో నా మొహం మీద చెప్పమను" అంది. తర్వాత కొత్త పొయ్యిని కాలి వేలితో చూపించింది. "ఇది ఇంకా పచ్చిగానే ఉంది. చెబితే ఇప్పుడే చెరిపేస్తా, మట్టి మట్టిలోకి పోద్ది. చెప్పకపోతే తెల్లారేసరికి ఆరిపోద్ది. ఆరాక నేను చెరపను."

రాజేష్ చేపల సంచీ నేల మీద పెట్టి భార్యకెదురుగా వచ్చి నిలబడ్డాడు.

"చెప్పు లక్ష్మీ. నేనేం అనను. అమ్మేమన్నా చేసిందా?" అన్నాడు.

నువ్వే చేశావు అని అతనితో అనాలా? నేనే రాయి మీద రుద్దాను అని అత్తతో అనాలా? అది జాలి కాదేమో, పిల్లలున్న చేప మీద గొడ్రాలి కుళ్లేమో అని ఇద్దరి ముందూ ఒప్పుకోవాలా? ఇందులో ఏది నిజమో ముందు తనకి తెలియాలి కదా.

సంచీలో ఒక చేప ఇంకా కొట్టుకుంటోంది. ముగ్గురికీ వినిపిస్తోంది.

వీరలక్ష్మి చెప్పడానికే నోరు తెరిచింది. ఎవరి వైపు చూసి మొదలుపెట్టాలో ఆమెకి తోచలేదు.